బాధితుల ఫైళ్ల తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?

ఒక ఊళ్లో దళితుల మీద దాడి జరిగిందని తెలిసిన రోజే మన పని మొదలవుతుంది. నిజ నిర్ధారణ కమిటీ వెళ్తుంది. గాయాల ఫోటోలు తీస్తారు, బాధితుల మాటలు వీడియోలో రికార్డు చేస్తారు. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, పరిహారం కోసం బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ ఫోన్‌లో స్కాన్ అవుతాయి. రాత్రికల్లా ఎవరో ఒకరు వాటిని గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, లింకును వాట్సాప్ గ్రూపులో వేస్తారు. లాయరుకూ, విలేకరికీ, జిల్లా నాయకులకూ, సాయం చేస్తామన్న విద్యార్థులకూ ఒకటే లింకు. ఆ పూటకు పని గడుస్తుంది.

లింకు మాత్రం బతికే ఉంటుంది. ఆరు నెలలు గడిచాక ఆ గ్రూపులో ఎవరు దాన్ని ఎవరికి పంపారో చెప్పగలిగేవాళ్లు ఉండరు. సాక్షి ముఖం, ఆమె చెప్పిన పేర్లు, ఆమె ఇంటి చిరునామా అందులో ఉన్నాయి. ఆమె అదే ఊళ్లో ఉంది. నిందితుల బంధువుల పొలాల్లోనే కూలికి పోవాలి. ఆ వీడియో ఊళ్లోకి చేరితే రాజీ పడమనే ఒత్తిడి, పని మాన్పించడం, సాంఘిక బహిష్కరణ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. న్యాయం కోసం మనం సేకరించిన సాక్ష్యమే సాక్షి మెడకు చుట్టుకుంటుంది.

దీన్ని ఆపడానికి పెద్ద సాంకేతిక నైపుణ్యం అక్కర్లేదు. క్లౌడ్‌లో మన ఫైళ్ల మీద ఎవరికి అనుమతి ఉంది, ఏ పని కోసం ఉంది, ఎప్పటిదాకా ఉంది అనే మూడు ప్రశ్నలు క్రమం తప్పకుండా వేసుకోవాలి. అది ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేదేమీ కాదు. ఏదో ఒక కంపెనీ కంప్యూటర్లలో మన ఫైళ్లు ఉంటాయి, ఇంటర్నెట్ ద్వారా వాటిని తెరుస్తాం, అంతే. ఆఫీసు బీరువా తెరవాలంటే మనిషి ఆఫీసుకు రావాలి, తాళం చెవి చేతిలో ఉండాలి. క్లౌడ్‌లో గోడ, తలుపు, తాళం అన్నీ కలిపి ఒక అనుమతుల పట్టిక మాత్రమే. అది తప్పుగా ఉంటే ఎక్కడి నుంచైనా లోపలికి రావచ్చు.

ఆ పట్టిక వెనక రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, తలుపు తడుతున్నది ఎవరు? పాస్‌వర్డ్, ఓటీపీ, వేలిముద్ర ఈ ప్రశ్నకు జవాబులు. రెండోది, లోపలికి వచ్చాక ఆ మనిషి ఏం చేయవచ్చు? చూడవచ్చా, మార్చవచ్చా, తీసేయవచ్చా, ఇంకొకరిని పిలవవచ్చా? మన సంఘాల్లో పాస్‌వర్డ్ గురించైనా అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం. రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు.

కంప్యూటర్ శాస్త్రంలో దీనికి పాత సూత్రమే ఉంది. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ వ్యాసంలో దాన్ని వివరించారు. ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా తన పని చేసుకోవడానికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్నది దాని సారాంశం. నేటి క్లౌడ్ కంపెనీలన్నీ తమ భద్రతా సూచనల్లో చెప్పేది ఇదే.

తాళమంటే మనకెందుకు ఇబ్బంది?

ఈ మాట ఉద్యమ మిత్రులకు అంత తేలిగ్గా రుచించదు. మనది తాళాలు బద్దలు కొట్టిన చరిత్ర. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది చవదార్ చెరువు నీళ్లు తాగింది, మీకు అనుమతి లేదన్న మాటను ధిక్కరించడానికే. బావి దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర, ఊరి వీధిలో మనల్ని ఆపిన మాట అది. అలాంటి మనం మన కార్యకర్తతోనే ‘ఈ ఫైలు చూసే అనుమతి నీకు లేదు’ అనవచ్చా?

అనవచ్చు, కొన్నిసార్లు అనాలి. కులం అనుమతిని పుట్టుకకు కట్టేసింది. మనిషి ఏం చేసినా అది మారదు. మనం ఇక్కడ మాట్లాడుతున్న అనుమతి పనికి కట్టినది. పని ఉంటే వస్తుంది, పని అయిపోతే పోతుంది. రాష్ట్ర నాయకుడికైనా, నిన్న చేరిన విద్యార్థినికైనా ఒకటే కొలత. వైద్య నివేదికతో నాయకుడికి పని లేకపోతే ఆయనకు ఆ ఫైలు ఇవ్వనక్కర్లేదు. దాన్ని అనువదిస్తున్న విద్యార్థినికి పని ఉంది కాబట్టి ఆమెకు ఆ ఒక్క ఫైలు ఇవ్వాలి. పదవిని బట్టి తాళాలు పంచితే మనం కూడా ఒక మెట్ల వ్యవస్థనే కట్టుకున్నట్టు.

ఇంకో తేడా కూడా ఉంది. చెరువు నీళ్లు అందరివి. ఒక మహిళ తన మీద జరిగిన దాడి గురించి చెప్పిన మాట ఆమెది. సంఘం దానికి కాపలాదారు మాత్రమే.

చట్టం ఏమంటోంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో చేసిన సవరణతో అందులో 15ఎ సెక్షన్ చేరి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బాధితులను, వారి మీద ఆధారపడినవారిని, సాక్షులను బెదిరింపులు, ప్రలోభాలు, హింస నుంచి కాపాడే ఏర్పాట్లు ప్రభుత్వం చేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రజలు చూడగలిగే కేసు రికార్డుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు కనిపించకుండా చేసే అధికారం ప్రత్యేక కోర్టుకు ఇస్తుంది. స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకునే హక్కు బాధితులకు ఉందని చెప్పేదీ ఆ సెక్షనే. సాక్షి పేరు బయటికి రాకూడదని కోర్టులో పిటిషన్ వేసి, అదే పేరును లింకు దొరికిన ప్రతివారికీ మన ఫోల్డర్‌లో చూపిస్తే ఆ పిటిషన్‌కు విలువేముంటుంది?

లైంగిక దాడి కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. బాధితురాలెవరో తెలిసిపోయేలా పేరు గానీ వివరాలు గానీ ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు, చిరునామా, ఫోటోతో పాటు కుటుంబం, బడి, ఉండే ప్రాంతం వివరాలు కూడా మీడియాలో రాకూడదంటుంది. మనలాంటి వార్తా వెబ్‌సైట్లు కూడా దీనికి లోబడాల్సిందే. విలేకరికి ఫోల్డర్ మొత్తం పంపడం ఆ విలేకరికీ మంచిది కాదు.

లింకు ఉన్నవాళ్లందరూ అంటే ఎవరు?

మన సంఘాల్లో ఎక్కువగా వాడేది గూగుల్ డ్రైవ్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. వేరే సేవల్లో బటన్ల పేర్లు మారతాయి, సూత్రం మారదు.

ఏదైనా ఫైలు మీద ‘షేర్’ నొక్కితే ‘జనరల్ యాక్సెస్’ అనే భాగం కనిపిస్తుంది. అక్కడ ‘రిస్ట్రిక్టెడ్’ అని ఉంటే మనం ఈమెయిల్ చేర్చినవాళ్లే చూడగలరు. ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని ఉంటే లింకు దొరికిన ఎవరైనా లాగిన్ కూడా అవకుండానే చూడగలరు. వాళ్లెవరో మనకు తెలియదు. జాబితాలోంచి ఒక పేరు తీసేసినా ఆ లింకుతో ఆ మనిషి మళ్లీ రాగలరు. బాధితుల వివరాలున్న ఫైళ్లకు ఈ రెండో పద్ధతి అసలు వాడకూడదు.

పేరు చేర్చినవాళ్లకు మూడు స్థాయిలు ఇవ్వవచ్చు. ‘వ్యూయర్’ చూస్తారు. ‘కామెంటర్’ వ్యాఖ్య రాస్తారు. ‘ఎడిటర్’ మార్చగలరు. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఎడిటర్ ఇంకో పదిమందిని కూడా చేర్చగలరు. షేర్ పెట్టెలోని సెట్టింగ్స్ గుర్తు నొక్కితే, ఎడిటర్లు అనుమతులు మార్చి ఇతరులకు షేర్ చేయవచ్చనే చోట టిక్ ముందే పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయాలి. వ్యూయర్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకునే వీలునూ అక్కడే తీసేయవచ్చు. అయితే స్క్రీన్‌షాట్‌ను ఏ టిక్కూ ఆపలేదు. అందుకే అసలు ఎవరికి చూపిస్తున్నామన్నదే ముఖ్యం.

ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి లోపలున్న ఫైళ్లన్నిటికీ, రేపు అందులో వేయబోయే ఫైళ్లకూ వర్తిస్తుంది. కేసుకు ఒకే పెద్ద ఫోల్డర్ పెట్టి దాన్ని అందరికీ ఇవ్వడం వల్లే సగం ఇబ్బందులు. ఒక కేసును నాలుగు వేర్వేరు ఫోల్డర్లుగా పెట్టుకుంటే పని సులువవుతుంది:

1. బయటికి చెప్పదగినవి: పేర్లు తీసేసిన నివేదిక, ప్రకటనలు, వినతిపత్రాలు. విలేకరులకు, మద్దతుదారులకు ఇదొక్కటే ఇవ్వాలి.
2. కోర్టు కాగితాలు: ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, పిటిషన్లు. లాయరుకు, కేసు చూస్తున్న ఒకరిద్దరికి.
3. పరిహారం కాగితాలు: ఆధార్, పాస్‌బుక్, కుల ధ్రువీకరణ పత్రం. కలెక్టరేట్ చుట్టూ తిరిగే కార్యకర్తకు.
4. వాంగ్మూలాలు, గాయాల ఫోటోలు, వైద్య నివేదికలు: లాయరుకు, వాటిని భద్రపరిచే బాధ్యత తీసుకున్న ఒకరికి.

ఫోల్డర్ పేరులో బాధితుల పేరు, ఊరి పేరు పెట్టకుండా ఒక సంకేత సంఖ్య పెట్టుకోవాలి. ఎవరిదైనా ఫోన్ తెర మీద నోటిఫికేషన్ వచ్చినా పక్కనున్నవాళ్లకు ఏమీ తెలియదు.

నాలుగో ఫోల్డర్‌లోని అసలు ఫైళ్లను ఎవరూ ముట్టుకోకూడదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టేటప్పుడు ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ ఒక ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో ఒక్క సెకను కత్తిరించినా అది మారిపోతుంది. కత్తిరించాలన్నా, ముఖాలు కనిపించకుండా చేయాలన్నా కాపీ తీసుకుని దాని మీదే చేయాలి. రికార్డు చేసిన ఫోన్‌లోంచి అసలు వీడియోను లాయరును అడగకుండా చెరిపేయవద్దు.

క్యాంపస్‌లో వివక్ష మీద గూగుల్ ఫారంతో ఫిర్యాదులు తీసుకునే విద్యార్థి సంఘాలు మరో రెండు విషయాలు చూసుకోవాలి. ఫారం సెట్టింగుల్లో ఫలితాల సారాంశం చూపించే వీలు ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఫారం నింపిన ప్రతివారూ ఇతరుల జవాబులు చూడగలరు. అది ఆఫ్‌లో ఉండాలి. జవాబులు చేరే షీటుకు ఫారంతో సంబంధం లేకుండా వేరే అనుమతులుంటాయి. ఫారంను జాగ్రత్తగా పెట్టి షీటు లింకును గ్రూపులో వేస్తే, ఏ లెక్చరర్ మీద ఎవరు ఫిర్యాదు చేశారో ఆ లెక్చరర్‌కే తెలిసిపోవచ్చు.

ఒక్క పాస్‌వర్డ్, అయిదుగురు మనుషులు

చాలా సంఘాల్లో ఒక ‘ఆఫీసు జీమెయిల్’ ఉంటుంది. దాని పాస్‌వర్డ్ అయిదారుగురికి తెలుసు. ఒకరోజు ఒక ఫైలు మాయమవుతుంది. ఎవరు తీశారంటే, చరిత్రలో ఆఫీసు జీమెయిల్ పేరే ఉంటుంది. ఎవరినీ అడగలేం, అందరినీ అనుమానిస్తాం. ఇలాంటి అనుమానాలతో చీలిపోయిన సంఘాలు మనకు కొత్త కాదు. ఎవరి ఖాతాతో వాళ్లు లోపలికి రావాలి. అప్పుడు తప్పు చేసినవాళ్లు దొరుకుతారు. అంతకంటే ముఖ్యంగా, తప్పు చేయనివాళ్ల మీద నింద పడదు.

ప్రతి ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌కీ గానీ మేలు. సిమ్ కార్డును మోసంతో తమ పేరు మీదికి మార్చుకున్నవాళ్లకు ఎస్‌ఎంఎస్ కూడా అందుతుంది. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసుకుని దాచుకోవాలి.

రికవరీ ఈమెయిల్, రికవరీ ఫోన్ నంబరు ఎవరివో అప్పుడప్పుడూ తెరిచి చూడాలి. పాస్‌వర్డ్ మార్చినా ఖాతాను మళ్లీ చేజిక్కించుకునే దొడ్డిదారి అదే. భీమా కోరేగావ్ కేసులో నిందితులైన ముగ్గురి ఖాతాలు హ్యాక్ అయినప్పుడు వాటికి కొత్త రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబరు చేరాయని, వాటికి పుణె పోలీసులతో సంబంధం ఉందని భద్రతా పరిశోధకులను ఉటంకిస్తూ 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక రాసింది. అదే కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి హ్యాకర్ బయటి నుంచి ఫైళ్లు చొప్పించాడని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. లోపలికి వచ్చినవాళ్లు మన ఫైళ్లు చదవడమే కాదు, మనవి కాని ఫైళ్లు పెట్టి కూడా పోగలరు. చూసే అనుమతి కంటే రాసే అనుమతి ఎందుకు ప్రమాదకరమో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

కేసు ఏళ్లు నడుస్తుంది, మనుషులు మారతారు

కారంచేడులో మారణకాండ జరిగింది 1985 జులై 17న. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. మధ్యలో 23 ఏళ్లు. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది, 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. మన కేసులు ఇలా ఏళ్లకేళ్లు నడుస్తాయి. ఈ కాలంలో విద్యార్థి చదువు ముగించి ఉద్యోగానికి పోతాడు, లాయరు మారుతుంది, కార్యకర్త వేరే సంఘంలో చేరతాడు.

వ్యక్తిగత జీమెయిల్‌లో పెట్టిన ఫైళ్లకు యజమాని ఆ వ్యక్తే. ఆయన ఖాతా పోతే ఫైళ్లూ పోతాయి. పైగా రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చన్నది గూగుల్ విధానం. కేసు హైకోర్టులో ఉండగానే సాక్ష్యం మాయం కావచ్చు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉండే ‘షేర్డ్ డ్రైవ్’లో అయితే ఫైళ్లు వ్యక్తికి కాక సంస్థకు చెందుతాయి. మనుషులు మారినా ఫైళ్లు ఉంటాయి. ఆ సౌకర్యం లేని చిన్న సంఘాలు సంఘం పేరుతో ఒక ఖాతా తెరిచి, ఫైళ్ల యాజమాన్యం దానికి ఉంచి, ఆ ఖాతాను ఇద్దరు బాధ్యుల పర్యవేక్షణలో పెట్టాలి. రోజువారీ పనికి దాన్ని వాడకూడదు. ఒక ప్రతిని బయటి హార్డ్‌డిస్క్‌లో కూడా ఉంచాలి.

కొత్తవారు చేరిన రోజే వారికి ఏ ఫోల్డర్లు ఇచ్చామో ఒక పుస్తకంలో రాయాలి. వెళ్లే రోజు ఆ పేజీ తీసి ఒక్కొక్కటే తొలగించాలి. ఇది వారి మీద అనుమానంతో చేసే పని కాదు. రేపు ఏదైనా బయటికి పొక్కితే వారికి దానితో సంబంధం లేదని చెప్పడానికి మన దగ్గర ఆధారం ఉంటుంది. మూడు నెలలకోసారి అన్ని ఫోల్డర్ల జాబితా తెరిచి, ప్రతి పేరు దగ్గర ఆగి, ఈ మనిషికి ఇప్పుడు ఇందులో పనేముందని అడగాలి. జవాబు రాకపోతే ఆ పేరు తీసేయాలి. పని మళ్లీ వస్తే మళ్లీ చేర్చడానికి అర నిమిషం చాలు.

సొంత సర్వర్ ఉన్న సంస్థలకు

కొన్ని సంస్థలు కేసుల డేటాబేస్‌ను అమెజాన్ లాంటి కంపెనీల క్లౌడ్ సర్వర్లలో నడుపుతున్నాయి. అక్కడ మనుషులకే కాదు, ప్రోగ్రాములకూ అనుమతులుంటాయి. అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకుకు 2019లో ఇదే దెబ్బ తగిలింది. అమెజాన్ క్లౌడ్‌లో ఆ బ్యాంకు పెట్టుకున్న ఒక ఫైర్‌వాల్‌కు అవసరానికి మించిన అనుమతులున్నాయి. దాన్ని మోసగించి లోపలికి వచ్చిన వ్యక్తికి ఆ అనుమతులన్నీ దక్కాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2020లో బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కాపలాదారుకు గేటు తాళం ఇస్తే సరిపోయేది, ఖజానా తాళం కూడా ఇచ్చారు.

మన సంస్థలు చూసుకోవాల్సినవి ఇవి. క్లౌడ్ ఖాతా తెరిచినప్పుడు వచ్చే ‘రూట్’ ఖాతాకు సర్వాధికారాలు ఉంటాయి. దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టి పక్కన పెట్టేయాలి. పని చేసేవాళ్లకు విడివిడిగా ఖాతాలు ఇవ్వాలి. వెబ్‌సైట్ నడిపే ప్రోగ్రాముకు కేసుల డేటాబేస్ మీద అనుమతి ఉండకూడదు. రహస్య కీలను ప్రోగ్రాము కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకూడదు. వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చిన వ్యక్తి పని ముగిశాక కూడా లోపలికి రాగలిగే స్థితిలో ఉన్నారేమో చూడాలి. ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే చిట్టా ఆన్‌లో ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు చదువుతూ ఉండాలి.

ఈ తాళాలు ఆపలేనివి

అనుమతుల పట్టిక ఊరి పెత్తందారును, పొరపాటున ఫార్వర్డ్ చేసే మిత్రుణ్ణి, బయటి హ్యాకర్‌ను చాలావరకు ఆపుతుంది. కంపెనీని, ప్రభుత్వాన్ని ఆపదు. మామూలు డ్రైవ్ ఫైళ్ల ఎన్‌క్రిప్షన్ తాళాలు కంపెనీ దగ్గరే ఉంటాయి, చట్టపరమైన ఆదేశంతో ప్రభుత్వం సమాచారం అడగవచ్చు. కాబట్టి అత్యంత సున్నితమైన వాంగ్మూలాలను క్రిప్టోమేటర్ లాంటి సాధనంతో మన ఫోన్‌లో, కంప్యూటర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి ఆ తర్వాతే క్లౌడ్‌లోకి ఎక్కించాలి. దాని పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరికి ఏమైనా అయినప్పుడు సాక్ష్యమూ పోతుంది. కొన్ని విషయాలు అసలు క్లౌడ్‌లోకి ఎక్కించకపోవడమే మంచిది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వాంగ్మూలం రికార్డు చేసేటప్పుడు, ఇది ఎక్కడ దాస్తాం, ఎవరెవరు చూస్తారు, వద్దంటే ఎవరిని అడిగి తీయించుకోవచ్చు అనేది ఆ మనిషికి ఆమె భాషలో చెప్పాలి. లాయరుకు చూపించండి గానీ విలేకరికి వద్దని ఆమె అంటే, ఫోల్డర్ అనుమతులు ఆ మాట ప్రకారమే పెట్టాలి. ఆమె మాట మార్చుకుంటే అవీ మారాలి.

ఈ వారమే మొదలుపెట్టవచ్చు. గత రెండేళ్లలో గ్రూపుల్లో వేసిన డ్రైవ్ లింకులన్నీ వెతకండి. లాగిన్ అవకుండా ఒక్కొక్కటి తెరిచి చూడండి. తెరుచుకున్న ప్రతిదాన్నీ ‘రిస్ట్రిక్టెడ్’కు మార్చండి.